జయంతనాథ్ చౌదరి

జనరల్ జయంతనాథ్ చౌదరి (1908 జూన్ 10 - 1983 ఏప్రిల్ 6) భారత సైన్యంలో అత్యున్నత పదవిని నిర్వహించిన సేనాని. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానంపై జరిగిన సైనిక చర్యలో షోలాపూరు వైపు నుండి ప్రవేశించిన ప్రధాన దళానికి నాయకత్వం వహించి, నిజాం సైన్యపు లొంగుబాటును స్వీకరించాడు. అనంతరం 1949 చివరి వరకు హైదరాబాదు రాజ్యానికి మిలిటరీ గవర్నరుగా ఉన్నాడు. 1962 నవంబరు నుండి 1966 జూన్ వరకు భారత సైన్యానికి ప్రధానాధికారిగా పనిచేసాడు. 1965 నాటి భారత్-పాకిస్తాన్ యుద్ధం ఇతని ఆధ్వర్యంలోనే జరిగింది.

పేరులోని చౌదరిని బట్టి తెలుగువాడని కొందరు పొరబడుతుంటారు. ఇతడు బెంగాలీ. తోటి సైనికాధికారులు ఇతడిని ముచ్చు అనే ముద్దుపేరుతో పిలిచేవారు.

బాల్యము, విద్యాభ్యాసము

చౌదరి పూర్వీకులు నేటి బంగ్లాదేశ్‌లోని పాబ్నా జిల్లాకు చెందిన జమీందారులు. తండ్రి అమియనాథ్ చౌదరి న్యాయవాది. తల్లి ప్రమీల, భారత జాతీయ కాంగ్రెసు మొదటి అధ్యక్షుడు ఉమేశ్ చంద్ర బెనర్జీ కుమార్తె. పెదతండ్రులలో ప్రమథ చౌదరి బెంగాలీ సాహిత్యంలో ప్రసిద్ధుడు. తొలితరం హిందీ సినిమా నటి దేవికారాణి ఇతని తండ్రి సోదరుని కుమార్తె (ఆమె పుట్టినది విశాఖపట్నంలోని వాల్తేరులో).

కలకత్తాలోను, తరువాత లండను సమీపంలోని హైగేట్ పాఠశాలలోను చదువుకున్నాడు. శాండ్‌హర్స్ట్ లోని రాయల్ మిలిటరీ కళాశాలలో శిక్షణ పొంది 1928లో అధికారిగా నియమితుడయ్యాడు. ఆనాడు భారతీయులకు బ్రిటిషు ఇండియా సైన్యంలో అధికారి హోదా దొరకడం అరుదు. దొరికినవారిని కూడా భారతీయీకరణకు ఎంపిక చేసిన కొద్ది దళాలలోనే నియమించేవారు. వాటిలో ఒకటైన 7వ లైట్ కావల్రీ అనే ఆశ్వికదళంలో చౌదరి చేరాడు. గుర్రాల స్థానంలో ట్యాంకులు వచ్చిన కాలం కావడంతో ఇతని సైనిక జీవితం మొత్తం కవచ వాహనాలతో ముడిపడింది.

రెండవ ప్రపంచ యుద్ధము

క్వెట్టా స్టాఫ్ కళాశాలలో శిక్షణ ముగించుకొని 5వ భారత డివిజనులో స్టాఫ్ అధికారిగా సూడాన్, ఎరిట్రియా, అబిసీనియా, ఉత్తరాఫ్రికా ఎడారి రంగాలలో పనిచేసాడు. 1944లో 16వ లైట్ కావల్రీకి కమాండరు అయ్యాడు. మరుసటి సంవత్సరం బర్మాలో మెయిక్టిలా మీదుగా రంగూను వైపు సాగిన పోరాటంలో ఆ దళం పాల్గొంది. వేగంగా కదిలే బండ్లతో శత్రువు వెనుకకు చొచ్చుకుపోయే యుద్ధరీతి చౌదరికి అక్కడ బాగా పట్టుబడింది. యుద్ధానంతరం మలయాలో బ్రిగేడియరుగా పరిపాలనా బాధ్యతలు నిర్వహించాడు. 1946లో లండనులో జరిగిన విజయోత్సవ కవాతులో భారత బృందానికి నాయకత్వం వహించాడు.

1947 నవంబరులో ఢిల్లీలోని సైన్య ప్రధాన కార్యాలయంలో యుద్ధ కార్యకలాపాల డైరెక్టరుగా చేరాడు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఉన్నత స్థాయి యుద్ధ నిర్వహణలో అనుభవమున్న భారతీయ అధికారులు చాలా తక్కువ. అందువల్ల చౌదరి తరం వారికి పదోన్నతులు ఏడాదికొకటి చొప్పున వచ్చాయి. 1948 మే నెలలో, నలభై ఏళ్ళు నిండకముందే, ఇతడు 1వ ఆర్మర్డ్ డివిజనుకు అధిపతి అయ్యాడు. భారత సైన్యానికి అప్పుడున్న కవచ డివిజను అదొక్కటే.

హైదరాబాదుపై సైనిక చర్య

1947 నవంబరులో నిజాం భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం చేసుకున్నాడు. అది అమలులో ఉండగానే ఖాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్ల దాడులు పల్లెలలో పెరిగిపోయాయి. మరోవైపు నల్గొండ, వరంగల్లు ప్రాంతాలలో కమ్యూనిస్టుల నాయకత్వాన రైతాంగ సాయుధ పోరాటం సాగుతున్నది. ప్రస్తుతం సిద్దిపేట జిల్లాలో ఉన్న బైరాన్‌పల్లిలో గ్రామస్థులు రక్షక దళంగా ఏర్పడి, ఊరి బురుజుపై కాపలా ఉండి రజాకార్లను అంతకు ముందు తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున రజాకార్లు, నిజాం బలగాలు ఫిరంగులతో వచ్చి బురుజును పేల్చి ఊరిమీద పడ్డారు. ఆ ఒక్కరోజులో సుమారు వందమంది గ్రామస్థులు హతులయ్యారు. భారత సైన్యం సరిహద్దు దాటడానికి ఇంకా పదిహేడు రోజులు ఉంది.

సైనిక చర్యకు ప్రణాళిక చౌదరిది కాదు. దక్షిణ కమాండు అధిపతిగా ఉన్న లెఫ్టినెంట్ జనరల్ గొడార్డ్ అనే బ్రిటిషు అధికారి దానిని తయారుచేసాడు. అమలు నాటికి ఆ కమాండుకు అధిపతి లెఫ్టినెంట్ జనరల్ రాజేంద్రసింహ్‌జీ. చౌదరి ఆయన కింద పనిచేసాడు. అప్పటికి భారత సర్వసేనాధిపతి అయిన జనరల్ రాయ్ బుచర్ కూడా ఆంగ్లేయుడే. పాకిస్తాను జోక్యం చేసుకోవచ్చునన్న శంకతో ఆయన ఈ చర్యకు వెనుకాడాడు. ఉపప్రధాని సర్దార్ పటేల్ మాత్రం ఆలస్యానికి ఒప్పుకోలేదు. హైదరాబాదు నగరంలో పోలో మైదానాలు ఎక్కువగా ఉండడం వలన దీనికి ఆపరేషన్ పోలో అని పేరు పెట్టారని చెబుతారు. విదేశాలకు ఇది ఆంతరంగిక వ్యవహారమని చూపడానికి ప్రభుత్వం పోలీసు చర్య అన్నది. జనం నోట ఆ పేరే స్థిరపడింది. కాని ట్యాంకులు, విమానాలు, ఒక పూర్తి డివిజను పాల్గొన్న ఈ చర్యలో పోలీసు పని అనదగినది స్వల్పమే.

ప్రధాన దాడి పడమట షోలాపూరు నుండి. అక్కడి నుండి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. తూర్పున విజయవాడ నుండి మేజర్ జనరల్ ఎ.ఎ.రుద్ర నాయకత్వంలో మరొక దళం కోదాడ, సూర్యాపేట మార్గంలో బయలుదేరింది. ఉత్తరాన బేరారు వైపు నుండి, ఇతర దిక్కుల నుండి చిన్న దళాలు ప్రవేశించాయి. చౌదరి తన బలగాన్ని స్ట్రైక్, స్మాష్, కిల్, వీర్ అనే నాలుగు దళాలుగా విభజించాడు. మొదటిది వేగంగా దూసుకుపోవడానికి, రెండవది కవచ వాహనాలతో విరుచుకుపడడానికి, మిగిలినవి గెలిచిన చోట్లను పదిలపరచడానికి.

1948 సెప్టెంబర్ 13 తెల్లవారుజామున సైన్యం సరిహద్దు దాటింది. నల్దుర్గ్ కోట దగ్గర బోరీ నదిపై ఉన్న వంతెనను నిజాం సైనికులు పేల్చివేసే లోపే చేజిక్కించుకోవడంతో దారి తెరుచుకుంది. ఆ వంతెన కూలి ఉంటే షోలాపూరు బాటలో ట్యాంకులు ఎన్ని రోజులు నిలిచిపోయేవో చెప్పలేము. 16న దళాలు అప్పటి బీదరు జిల్లాలోని జహీరాబాదును చేరాయి. దారిలో పాతిన మందుపాతరల వల్ల అక్కడ కొంత జాప్యం జరిగింది. 17 ఉదయం బీదరు పట్టుబడింది. తూర్పు మార్గంలో కోదాడ వద్ద గట్టి ప్రతిఘటన ఎదురైంది.

సెప్టెంబర్ 17న లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది. ఆ సాయంత్రం నిజాం రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించాడు. మరునాడు 18వ తేదీ సాయంత్రం హైదరాబాదు నగర పొలిమేరలో సంస్థాన సైన్యాధిపతి మేజర్ జనరల్ ఎల్.ఎద్రూస్ తన సైన్యంతో సహా చౌదరికి లొంగిపోయాడు. ఎద్రూస్ కూడా ఆశ్వికుడే. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాదు లాన్సర్స్‌తో పాలస్తీనాలో పోరాడినవాడు. అతని సైన్యానికి కావలసినన్ని ట్యాంకులు గాని, చెప్పుకోదగిన విమానాలు గాని లేవు. రజాకార్లు సంఖ్యలో ఎక్కువైనా శిక్షణ లేనివారు. కనుక అయిదు రోజులలో ముగిసిన ఈ చర్యను సమఉజ్జీల మధ్య జరిగిన యుద్ధంగా లెక్కించరాదు. అయితే పౌర నష్టం ఎక్కువ కాకుండా నగరం మీద పోరు లేకుండానే ముగించడం చౌదరికి, అతని పై అధికారులకు దక్కవలసిన ఘనతే.

మిలిటరీ గవర్నరుగా

లొంగుబాటు జరిగిన రోజే చౌదరి మిలిటరీ గవర్నరుగా బాధ్యతలు చేపట్టాడు. నిజాం సింహాసనంపై ఉన్నాడు, ఫర్మానాలూ ఆయన పేరనే వెలువడ్డాయి, అధికారం మాత్రం గవర్నరుది. పౌర పరిపాలనకు బొంబాయి రాష్ట్రం నుండి వచ్చిన డి.ఎస్.బాఖ్లే అనే ఐ.సి.ఎస్. అధికారి ముఖ్య పాలకుడుగా ఉన్నాడు. జిల్లాలకు కూడా సివిల్ అడ్మినిస్ట్రేటర్లను నియమించారు. ఒక సేనాని కోటీ అరవై లక్షలకు పైబడిన జనం గల రాజ్యాన్ని పాలించడం స్వతంత్ర భారతంలో మరెన్నడూ జరగలేదు.

సైన్యం నడిచిన అయిదు రోజుల కంటే దాని వెంట వచ్చిన నెలలే ఘోరమైనవి. మరాఠ్వాడా, కన్నడ జిల్లాలలో, ముఖ్యంగా ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడులలో ముస్లిములపై ప్రతీకార హత్యలు, దోపిడీలు జరిగాయి. విచారణకు ప్రధాని నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్ సంఘం మృతుల సంఖ్య 27,000 నుండి 40,000 వరకు ఉండవచ్చునని అంచనా వేసింది. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు కూడా దోపిడీలలో పాల్గొన్నారని తెలిపింది. ఈ నివేదిక దశాబ్దాల పాటు ప్రజలకు అందుబాటులోకి రాలేదు. దళాలు ముందుకు సాగిపోతుండగా వెనుక వదిలివచ్చిన గ్రామాలలో పోలీసు లేదు, పాత పాలన లేదు, కొత్తది ఇంకా రాలేదు. సైనిక ప్రణాళిక రాజధానిని చేరుకునే దాకానే ఆలోచించింది. ఈ లోపానికి ఢిల్లీ ప్రభుత్వము, దక్షిణ కమాండు, గవర్నరు అందరూ భాగస్వాములే.

తెలంగాణలో పరిస్థితి వేరు. రజాకార్ల పీడ విరగడయినందుకు పల్లెలు ఊరట పొందాయి. కాని సాయుధ పోరాటం ఆగలేదు. దేశ్‌ముఖుల నుండి తీసుకుని పేదలు దున్నుకుంటున్న భూములు తిరిగి దొరల పాలవుతాయన్న భయంతో కమ్యూనిస్టులు పోరాటాన్ని కొనసాగించారు. చౌదరి ప్రభుత్వం సైన్యాన్ని వారిమీదకు మళ్ళించింది. గ్రామాలలో గాలింపులు, నిర్బంధాలు, కాల్పులు సాధారణమయ్యాయి. పారిపోయిన భూస్వాములు పలుచోట్ల సైన్యం వెనుకనే ఊళ్ళకు తిరిగి వచ్చారు. ట్యాంకులతో అయిదు రోజులలో గెలిచిన సైన్యానికి, గుట్టలలో, అడవులలో చిన్న చిన్న దళాలుగా తిరిగే గెరిల్లాలను అణచడం చౌదరి పదవీకాలంలో సాధ్యపడలేదు. పోరాట విరమణ ప్రకటన 1951 అక్టోబరులో గాని రాలేదు.

అదే ప్రభుత్వం భూసంబంధాలను మార్చే చర్యలకూ పూనుకుంది. 1949 ఫిబ్రవరిలో నిజాం స్వంత భూములైన సర్ఫేఖాస్‌ను ప్రభుత్వ భూములలో కలిపారు. ఆగస్టులో జాగీర్ల రద్దు శాసనం వచ్చింది. రాజ్యంలో సుమారు మూడోవంతు భూమి జాగీర్లు, పాయగాలు, సంస్థానాల కింద ఉండేది. వాటిలోని రైతులు ప్రభుత్వానికి కాక జాగీర్దారుకు శిస్తు కట్టేవారు. ఆ పద్ధతి రద్దయింది. జాగీర్దార్లకు నష్టపరిహారం ఇచ్చారు. దేశ్‌ముఖుల పట్టా భూముల జోలికి మాత్రం ఈ శాసనం పోలేదు. కౌలుదారీ చట్టం 1950లో, చౌదరి వెళ్ళిపోయిన తరువాత వచ్చింది.

ఈ కాలంలోనే సంస్థాన సైన్యాన్ని రద్దుచేసారు. ఉర్దూలో నడిచిన కార్యాలయాలలోకి మద్రాసు, బొంబాయి తదితర రాష్ట్రాల నుండి ఉద్యోగులను రప్పించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనాభాష ఉర్దూ నుండి ఆంగ్లానికి మారింది. బయటివారి రాకపై స్థానికులలో మొదలైన అసంతృప్తి 1952లో ముల్కీ ఆందోళనగా బయటపడింది. తెలంగాణ రాజకీయాలలో ఆరు దశాబ్దాలపాటు వినిపించిన ఈ ఫిర్యాదుకు మొదలు మిలిటరీ పాలనలోనే ఉంది. 1949 డిసెంబరు చివరన చౌదరి పదవి నుండి వైదొలిగాడు. 1950 జనవరి 26న ఎం.కె.వెల్లోడి ముఖ్యమంత్రి అయ్యాడు.

సైన్యాధిపతి పదవికి

తరువాతి పన్నెండేళ్ళలో చౌదరి అడ్జుటెంట్ జనరల్, చీఫ్ ఆఫ్ జనరల్ స్టాఫ్, కోర్ కమాండరు పదవులను నిర్వహించి 1959లో దక్షిణ కమాండు అధిపతి అయ్యాడు. 1961 డిసెంబరు 18, 19 తేదీలలో గోవాను పోర్చుగీసుల నుండి విడిపించిన చర్య ఈ కమాండు ఆధ్వర్యంలోనిదే. అందులో ప్రధాన దళం మేజర్ జనరల్ కాండెత్ నాయకత్వంలోని 17వ డివిజను. అయినా పణజిని ముందుగా చేరినది, సహాయక పాత్ర కోసం పంపిన బ్రిగేడియర్ సగత్ సింగ్ పారాచూటు దళం.

1962 నవంబరులో చైనా దళాలు సేలా, బొమ్డిలాలను దాటి వచ్చాయి. సైన్యాధిపతి జనరల్ థాపర్ రాజీనామా చేసాడు. ఆ స్థానంలోకి చౌదరిని పిలిచారు. బాధ్యతలు చేపట్టిన కొద్ది గంటలలోనే చైనా ఏకపక్షంగా కాల్పుల విరమణ ప్రకటించింది. అందువలన ఇతనికి యుద్ధం నడపవలసిన అవసరం కలగలేదు, ఓడిన సైన్యాన్ని నిలబెట్టే పని మిగిలింది. కొత్త రక్షణమంత్రి వై.బి.చవాన్‌తో సఖ్యంగా పనిచేసాడు. సైన్యం బలాన్ని 8,25,000కు పెంచడం, పర్వత డివిజన్లను ఏర్పరచడం, వేల సంఖ్యలో అత్యవసర నియామకాలతో అధికారులను తీసుకోవడం ఈ కాలంలో జరిగాయి.

ఓటమి కారణాలపై లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ భగత్‌లతో విచారణ జరిపించినది చౌదరియే. కాని వారి పరిశీలనను క్షేత్రస్థాయి పోరాటాలకే పరిమితం చేసాడు. ఢిల్లీలోని సైన్య ప్రధాన కార్యాలయం, ప్రభుత్వం తీసుకున్న నిర్ణయాలు దాని పరిధిలోకి రాలేదు. ఓటమి ముఖ్యంగా ఢిల్లీలో పుట్టినదే కాబట్టి ఈ పరిమితి విచారణకు పెద్ద లోటు.

1965 యుద్ధము

1965 ఏప్రిల్‌లో కచ్ రాన్‌లో ఘర్షణలు మొదలయినప్పుడు ఆ ఉప్పునేల పాకిస్తానుకే అనుకూలమని భావించి చౌదరి అక్కడ పెద్ద యుద్ధానికి దిగలేదు. ఆగస్టులో చొరబాటుదారులు కాశ్మీరులో ప్రవేశించారు. సెప్టెంబర్ 1న పాకిస్తాను ట్యాంకులతో ఛంబ్‌పై దాడిచేసి అఖ్నూరు వంతెన వైపు కదిలింది. ఆ మధ్యాహ్నం చౌదరి వైమానిక సహాయం కోరాడు. చవాన్ నిమిషాలలో అనుమతి ఇచ్చాడు. చీకటి పడక ముందే వైమానిక దళాధిపతి అర్జన్ సింగ్ విమానాలు ఛంబ్ మీదకు చేరాయి. అఖ్నూరుపై ఒత్తిడిని తగ్గించడానికి ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి అనుమతితో సెప్టెంబర్ 6న భారత సైన్యం పంజాబు సరిహద్దు దాటి లాహోరు వైపు కదిలింది. మొదటి రోజే 3వ జాట్ దళం ఇచ్ఛోగిల్ కాలువ దాటింది. వెనుక నుండి బలగాలు అందక వెనక్కి రావలసి వచ్చింది.

చౌదరిపై ప్రధాన విమర్శలు రెండు ఈ యుద్ధం నుండే వచ్చాయి. మొదటిది ఖేమ్‌కరణ్ దగ్గరిది. సెప్టెంబర్ 8 నుండి పాకిస్తాను 1వ ఆర్మర్డ్ డివిజను ప్యాటన్ ట్యాంకులతో ఆ ప్రాంతంలోకి దూసుకువచ్చింది. బియాస్ నది వంతెన దాని గురి. ఆ దశలో చౌదరి సైన్యాన్ని బియాస్ వెనుకకు తీసుకోవాలని సూచించాడని, తాను ఒప్పుకోలేదని పశ్చిమ కమాండు అధిపతి లెఫ్టినెంట్ జనరల్ హర్‌బక్ష్ సింగ్ తరువాత వెల్లడించాడు. వెనక్కి తగ్గి ఉంటే అమృత్‌సర్‌తో సహా పంజాబులో పెద్దభాగం శత్రువుకు వదిలినట్లయ్యేది. సెప్టెంబర్ 10 నాటికి అసల్ ఉత్తర్ గ్రామం దగ్గర, నీరు వదిలి బురదగా మార్చిన చెరకు పొలాలలో ప్యాటన్లు కూరుకుపోయి దాదాపు నూరు ట్యాంకులు నాశనమయ్యాయి. ఈ కథనాన్ని అంగీకరించని అధికారులు కూడా ఉన్నారు. హర్‌బక్ష్ సింగ్ పుస్తకం 1991లో వెలువడింది. అప్పటికి చౌదరి మరణించి ఎనిమిదేళ్ళయింది. కనుక రెండవ పక్షం వాదన అతని నోట వినే అవకాశం లేకపోయింది. ఏమైనా, చేతిలో ఉన్న ఏకైక రక్షణరేఖ తెగితే తరువాత ఏమిటన్నది సైన్యాధిపతి ఆలోచించవలసిన విషయమే. ఆ రేఖ తెగదని నమ్మడం రంగంలో ఉన్న కమాండరు పని.

రెండవ విమర్శ మరింత బరువైనది. భద్రతామండలి కాల్పుల విరమణ కోరిన సమయంలో, యుద్ధాన్ని ఇంకొన్ని రోజులు సాగిస్తే విజయం లభిస్తుందా అని ప్రధాని శాస్త్రి అడిగినప్పుడు, ముందువరుస మందుగుండు చాలా వరకు ఖర్చయిందని, ట్యాంకుల నష్టం ఎక్కువగా ఉందని చౌదరి చెప్పాడు. ప్రభుత్వం విరమణకు అంగీకరించింది. సెప్టెంబర్ 23 నుండి కాల్పులు ఆగాయి. తరువాత రక్షణశాఖ తయారు చేయించిన యుద్ధచరిత్ర ప్రకారం భారత్ అప్పటికి ఖర్చుచేసిన ముందువరుస మందుగుండు 14 శాతం మాత్రమే. ట్యాంకులు పాకిస్తాను కంటే రెట్టింపు మిగిలి ఉన్నాయి. మూడేళ్ళ క్రితమే ఓటమి చవిచూసిన సైన్యానికి అధిపతి అయినందున జాగ్రత్త ఎక్కువైందని కొందరు అంటారు. కాని ఇక్కడ లోపం ధైర్యానిది కాదు, లెక్కది. డిపోలలో ఎంత ఉంది, ఎంత ఖర్చయింది అన్న లెక్క ప్రధానికి ఒక్క సైన్యాధిపతి ద్వారానే తెలియాలి. ఆ లెక్క తప్పినపుడు రాజకీయ నిర్ణయాన్ని సరిదిద్దగలవారు వేరొకరు లేరు.

మూడు దళాల మధ్య సమన్వయం కూడా సంతృప్తికరంగా లేదు. లాహోరు వైపు దాడి నిర్ణయంలో నౌకాదళానికి పాత్ర లేకపోయింది. వైమానిక దళంతో కలిసి ముందుగా తయారుచేసిన ప్రణాళిక లేదు.

సియాల్కోట్ రంగంలో పోరాడినది చౌదరి ఒకప్పుడు హైదరాబాదుకు నడిపించిన 1వ ఆర్మర్డ్ డివిజనే. అందులోని పూనా హార్స్ దళానికి కమాండరు లెఫ్టినెంట్ కల్నల్ అర్దేషిర్ బుర్జోర్జీ తారాపూర్. అతడు మొదట హైదరాబాదు సంస్థాన సైన్యంలో అధికారి. ఎద్రూస్ ఆధీనంలో పనిచేసి, హైదరాబాదు లాన్సర్స్‌లో ఉండి, సంస్థాన సైన్యం రద్దయ్యాక భారత సైన్యంలోకి వచ్చాడు. సెప్టెంబర్ 11న ఫిల్లౌరా దగ్గర గాయపడినా యుద్ధరంగం విడిచి వెళ్ళలేదు. 16న చావిండా సమీపంలో తన ట్యాంకు తగలబడి మరణించాడు. అతని దళం తొమ్మిది ట్యాంకులు కోల్పోయి సుమారు 60 శత్రు ట్యాంకులను ధ్వంసం చేసింది. మరణానంతరం పరమవీరచక్ర లభించింది. 1948లో చౌదరి ఎదుట ఆయుధాలు దించిన సైన్యం నుండి వచ్చిన ఈ అధికారి, పదిహేడేళ్ళ తరువాత చౌదరి సైన్యాధిపతిగా ఉన్న యుద్ధంలో అత్యున్నత శౌర్య పురస్కారం పొందాడు. చావిండాను మాత్రం భారత దళాలు పట్టుకోలేకపోయాయి.

విశ్రాంత జీవితము

1966 జూన్ 7న పదవీ విరమణ చేసాడు. తరువాతి సైన్యాధిపతి జనరల్ పి.పి.కుమారమంగళం. అదే సంవత్సరం చౌదరిని కెనడాలో భారత హైకమిషనరుగా నియమించారు. 1969 వరకు ఆ పదవిలో ఉన్నాడు. కొంతకాలం మాంట్రియల్ లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా పాఠాలు చెప్పాడు. భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ పురస్కారంతో గౌరవించింది. స్టేట్స్‌మన్ పత్రికలో సైనిక విషయాలపై వ్యాసాలు రాసాడు. ఇతడు చెప్పగా బి.కె.నారాయణ్ రాసిన ఆత్మకథ 1978లో వెలువడింది.

చౌదరి 1983 ఏప్రిల్ 6న మరణించాడు.